రాహేలమ్మ వంకర కుట్లు

వంకర కుట్టు కంటపడితే నా చేతులు ఊరుకోవు. ఎవరింటికైనా పోయి కూర్చుంటే ముందుగా తలుపు తెర అంచు మీదికే చూపు పోతుంది. పెళ్లిలో ముందు వరసలో ఎవరిదైనా జాకెట్టు భుజం దగ్గర కుట్టు జారి ఉంటే, ఇంటికొచ్చాక పెళ్లికూతురు ముఖం కూడా గుర్తుండదు, ఆ భుజమే గుర్తుంటుంది. మా ఆయన యోహాను దీన్ని జబ్బంటాడు. నేను పనితనం అంటాను. తాండూరులో పదహారేళ్లుగా మిషన్ కుడుతున్నాను. జ్యోతిరాణి కుట్టిన జాకెట్టు కుదరలేదని ఈ బజారులో ఒక్కరు అన్నది లేదు. ఈ గొప్పలన్నీ ముందే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, నేను చేసిన పాడుపని ఈ గొప్పలోంచే పుట్టింది కాబట్టి.

మా అత్త పేరు రాహేలమ్మ. యాలాల్ దగ్గరి పల్లె ఆమెది. కందిచేలల్లో కలుపు తీసి, కోతలకు పోయి, భర్త పోయాక ముగ్గురు పిల్లల్ని ఒక్కతే పెంచింది. మధ్యాహ్నం కూలివాళ్లంతా నడుం వాల్చితే ఆమె మాత్రం సంచిలోంచి సూది తీసి బొంత కుట్టేదట. పాత చీరలు నాలుగైదు మడతలుగా పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, జొన్నగింజంత కుట్లు, దుక్కిలో సాళ్లంత తిన్నగా వేసుకుంటూ పోతుంది. టేపు పట్టదు, గీత గీయదు, దారం కొసన ముడి వేయదు. ముడి ఉంటే పడుకున్న పిల్లల ఒంటికి గుచ్చుకుంటుందని, మూడు కుట్లు వెనక్కి వేసి దారాన్ని మడతల్లోకి దాచేస్తుంది.

కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ బొంత చూసి నేను ముక్కు విరిచాను. "అత్తమ్మా, గీ మూలకు గా మూలకు జానెడు తేడా ఉన్నది" అన్నాను టేపు పెట్టి కొలిచి మరీ. ఆమె తల కూడా ఎత్తలేదు. "కప్పుకున్నోళ్లెవ్వరు మూలలు కొలుసుకోలే బిడ్డా. నీ జాకెట్ల లెక్క మనిషిని బిగవట్టదు నా బొంత" అంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల పోటీ పడింది. పడిందంటే గొడవ కాదు, మాటకు మాట ఇచ్చే మనిషి ఇంట్లో దొరికిందన్న సంతోషం ఇద్దరికీ ఉండేది.

నాలుగేళ్ల కింద వికారాబాద్‌లో మహిళా సంఘాల వాళ్లు బట్టలకు రంగులద్దే పని నేర్పుతామంటే పోయాను. నిరోషా అని మా సంఘాల పని చూసే ఆమె పదిరోజులు నేర్పింది. వచ్చాక పెరట్లో మూడు పాత గుండిగలు పెట్టి, పొయ్యి వేసి, మొదలుపెట్టాను. దానిమ్మ తొక్కలు ఉడికించి పటిక వేస్తే పసుపు వస్తుంది. మంజిష్ఠ కట్టెకు ఎరుపు. కరక్కాయ నీళ్లలో నానిన బట్టను బెల్లంలో మగ్గిన తుప్పు ఇనుము నీళ్లలో ముంచితే చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ వాసనకు పక్కింటివాళ్లు కిటికీలు వేసుకునేవారు. మా అత్త మాత్రం గుండిగల చుట్టూ తిరిగేది. ఆరేసిన గుడ్డల్ని వేళ్లతో పట్టి చూసి, "గిది కందిపువ్వు. గిది నాపరాయి బండ. గిది వానకు తడిసిన మన్ను" అని పేర్లు పెట్టేది.

అట్లా ఇద్దరం కలిసి బొంతలు చేయడం మొదలైంది. రంగులు నావి, ముక్కలు పేర్చడం ఇద్దరిదీ, బొంత కుట్టు ఆమెది. అంచులు, వంపులు మళ్లీ నావి. బట్టను మూలకు మూల మడిచి ఏటవాలుగా కత్తిరించే పట్టీని మేము క్రాస్ పట్టీ అంటాం. నిలువుగా కత్తిరించిన గుడ్డ మొండికేస్తుంది, క్రాస్ పట్టీ ఎటు తిప్పితే అటు వంగుతుంది. నీలిమందులో ముంచిన క్రాస్ పట్టీతో కాగ్నా నది వంపులన్నీ పసుపు చేల మధ్య తిప్పి కుట్టాను ఒకసారి. ఆ బొంతను హైదరాబాద్‌లో ఒకామె కొనుక్కొని గోడకు వేలాడదీసిందని నిరోషా ఫోటో పంపింది. మా అత్త ఫోన్ కళ్ల దగ్గరికి పెట్టుకొని చాలాసేపు చూసింది. "గోడకు సలి పెడ్తదానే?" అంది చివరికి. వారం రోజులు నవ్వుకున్నాం ఆ మాటకు.

పోయిన యేడు జూలైలో, మంచి ముసురు పట్టిన రోజుల్లో, ఆమెకు పక్షవాతం కొట్టింది. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకోబోతే చెయ్యి పడిపోయింది. వికారాబాద్ ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. మాట నిలిచింది, కాలు కొంచెం ఈడుస్తూ నడవగలిగింది, కుడిచెయ్యి మాత్రం మొద్దుబారింది. కసరత్తు చేయించడానికి ఇంటికి వచ్చే మనీషా అనే అమ్మాయి, "మొదటి ఆరు నెలలే ముఖ్యం ఆంటీ. ఆ చేతితో ఎంత పని చేపిస్తే అంత తిరిగొస్తది. ఖాళీగ పెడితే బిగుసుకపోతది" అని నాకు విడిగా, గట్టిగా చెప్పింది. మెత్తటి బంతి ఒకటి ఇచ్చి రోజుకు వందసార్లు పిసకమంది.

మా అత్త బంతిని రెండు రోజులు పిసికి మూడోరోజు నా ముందు పెట్టింది. "పిలగాండ్ల ఆటలు నాతోని కావు గని, సూది ఇయ్యి" అంది.

అప్పుడు నా సంబరం చెప్పలేను. సెప్టెంబరులో ఆమె మంచం పక్కన చాప వేసి, కొత్త బొంత పరిచాను. డిసెంబరులో వికారాబాద్‌లో సంఘాల ప్రదర్శన ఉంది, దానికి మా తాండూరు తరఫున ఒక పెద్ద బొంత కావాలని నిరోషా అడిగింది. నేను సూదికి దారం ఎక్కించి ఇచ్చాను. ఆమె ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకొచ్చి గుడ్డ మీద పెట్టుకుంది. ఒక వరుస కుట్టడానికి పూటంతా పట్టింది. చెమటలు కారాయి.

కుట్టడం అయ్యాక ఆమె ఎడమచేతి వేళ్లతో ఆ వరుసను తడిమింది. కళ్లలో శుక్లాలు ముదిరి దగ్గరి వస్తువులు ఆమెకు మసకగానే కనిపిస్తాయి, అద్దాలు లేవు, ఆపరేషన్ అంటే వాయిదా వేస్తూ వస్తోంది. వేళ్లే ఆమెకు కళ్లు. తడిమీ తడమగానే ముఖం చిన్నబోయింది.

"వంకరొచ్చింది గద బిడ్డా" అంది.

నిజంగానే వంకర. ఒక కుట్టు చిటికెన వేలంత, పక్కది కనపడనంత. వరుస మొదలైన చోటికీ ఆగిన చోటికీ పొంతన లేదు. ఆ ముఖం చూడలేక, నోటికొచ్చింది అనేశాను: "కొత్త గుడ్డ గదత్తమ్మా, లోపటి మడతలు ముద్దగట్టినయి. ఇస్త్రీ చేస్తే సక్కగైతది. మస్తు కుట్టినవ్."

ఆమె అన్నం తిని కునుకు తీస్తే, పెరట్లో పొయ్యి మీద మంజిష్ఠ ఉడుకుతుండగా, నేను ఆ వరుస మొత్తం ఊడదీశాను. తిరిగి కుట్టాను. నా కుట్టు కాదు, ఆమె కుట్టు. జొన్నగింజంత, ముడి లేకుండా, కొసన మూడు వెనక్కి. ఆమె పక్కన కూర్చొని అన్నేళ్లు చూసినదాన్ని కదా, అచ్చు దిగింది. ఇస్త్రీ కూడా చేశాను, అబద్ధం ఎందుకని. మర్నాడు పొద్దున ఆమె వేళ్లతో తడిమి ఆగిపోయింది. మళ్లీ తడిమింది. "ఇస్త్రీకేనా?" అంది.

"ఇస్త్రీకే" అన్నాను.

సూదికి దారం ఎక్కించమంది. ఆ పొద్దు రెండు వరుసలు కుట్టింది. నేను రెండు వరుసలూ ఊడదీశాను.

అట్లా మూడు నెలలు. పొద్దున ఆమె కుట్టేది, మధ్యాహ్నం నేను విప్పేదాన్ని. మొదట్లో ఆమె ముఖం కోసమే చేశాను, ఒట్టు. కానీ రోజులు గడిచేకొద్దీ సంగతి అది కాదని నాకే తెలుస్తూ వచ్చింది. ఆ బొంత మీద ఆ కుట్లు చూస్తూ ఉండలేకపోయాను. నా చేత్తో రంగులద్ది, నా చేత్తో వంపులు తిప్పిన పని మీద అవి ఉండకూడదనిపించింది. వికారాబాద్‌లో పదిమంది చూస్తారు, తాండూరు రాణి పని ఇట్లా ఉందేమిటి అనుకుంటారు అనిపించింది. దయ అని పేరు పెట్టుకొని నేను చేసింది నా పరువు పని.

ఒక మధ్యాహ్నం యోహాను బండల పాలిషింగ్ పని నుంచి తొందరగా వచ్చి చూశాడు. తల నిండా రాతి పొడి, చేతిలో టిఫిన్ డబ్బా, అట్లాగే నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నవే?"

"కనపడ్తలేదా? సరిజేస్తున్న."

"అమ్మకు తెలుసా?"

"తెలిస్తే కుడుతదా?"

"చెప్పు రాణీ. వంకరైతే వంకరాయె. అమ్మ కుట్టింది అమ్మదే గద."

"నీకు బండలు తెలుసు, బట్టలు తెల్వయి. పో, కాళ్లు కడుక్కో" అని కసిరాను. పాపం, కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు ఆయన మీద కూడా కోపం వస్తుంది. నా తప్పులో ఆయనకు వాటా ఇవ్వాలని చూడటం, అంతే.

నవంబరు రెండో ఆదివారం. మా చర్చి సంఘంలో ఆరాధన చివర సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి నలుగురి ముందూ చెప్పుకోవచ్చు. ఆ రోజు మా అత్త నా భుజం పట్టుకొని లేచింది. నాకు ముందు చెప్పలేదు.

"నా చెయ్యి పడిపోయిన సంగతి మీకందరికి ఎరికే" అని మొదలుపెట్టింది. "నేను సూది పట్టి కుడితే వంకరొస్తది. సక్కగొచ్చిందని మా కోడలు చెప్తది గని, నా ఏళ్లకు తెల్వదా? వంకరనే వస్తది. తెల్లారి తడిమితె సక్కగుంటది. ఒక్కనాడు కాదు, రెండు నెలలసంది గిట్లనే అయితున్నది. మా కోడలు ఇస్త్రీ అంటది. నలభై ఏండ్లు బొంతలు కుట్టిన, ఇస్త్రీకి కుట్టు సక్కగైతదా? నేను కుట్టలేంది ఆయన కుడుతున్నడు. నా చెయ్యి మీద ఆయన చెయ్యి ఉన్నది."

స్తోత్రం అన్నారు అందరూ. కొందరు ఏడ్చారు. పాస్టర్ గారు లేచొచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు.

నేను జంపఖానా మీద కూర్చొని ఉన్నాను. ఇస్త్రీ మాట ఆమె నమ్మిందనుకున్నాను. అంత పనిమంతురాలు ఎందుకు నమ్ముతుంది? నమ్మక, తనకు తెలిసిన వాళ్లందరిలోకి పెద్ద దిక్కు ఎవరో ఆయనే చేస్తున్నాడనుకుంది. అప్పుడే చెప్పాల్సింది. అక్కడ కాకపోతే ఇంటికి పోయే ఆటోలో, ఆటోలో కాకపోతే అన్నం పెట్టేటప్పుడు. ఆమె ముఖంలో వెలుగు చూసి, ప్రదర్శన అయిపోనీ చెప్దాం అనుకున్నాను. సోమవారం ఉత్సాహంగా నాలుగు వరుసలు కుట్టింది. నాలుగూ ఊడదీశాను.

ఇంకో సంగతి, దీన్ని తలుచుకుంటే నా చేతుల మీద నాకే అసహ్యం వేస్తుంది. నవంబరు చివరికొచ్చేసరికి ఊడదీసేటప్పుడు వరుస మధ్యలో ఎక్కడో నాలుగైదు కుట్లు, ఒక్కోసారి ఏడెనిమిది, జొన్నగింజంత, తిన్నగా, వెనకటి రాహేలమ్మ కుట్లు కనిపించేవి. చెయ్యి తిరిగొస్తోందన్నమాట. నేను కత్తెర ఆపి చూసేదాన్ని. కానీ ముందూ వెనకా ఊడదీసి మధ్యలో ఏడెనిమిది కుట్లు ఉంచితే దారం ఎక్కడ పట్టుకోవాలి? అతుకు కనపడుతుంది. అవీ ఊడదీసేదాన్ని.

డిసెంబరు మొదటి వారంలో ప్రదర్శన. ముగ్గురం పోవాల్సింది, యోహానుకు సెలవు దొరక్క ఇద్దరమే పొద్దున రైలెక్కాం. అత్త తెల్లచీర కట్టుకుంది, జడకు నూనె పెట్టించుకుంది. ధారూర్‌లో ఎక్కిన ఆడవాళ్లు సంచుల్లో కూరగాయలతో పక్కన సర్దుకుంటే, వాళ్లకు కూడా చెప్పింది, తన బొంతను చూడ్డానికి వికారాబాద్ పోతున్నానని. "గోడకేసిండ్రట. గోడకు సలి పెడ్తున్నదట" అని నవ్వించింది.

ఫంక్షన్ హాలులో మా బొంత ఎదురుగా, అందరికంటే ముందు కనపడేట్టు వేలాడదీశారు. పసుపు చేలు, బూడిద నీలపు బండలు, నల్లమన్ను, మధ్యలో మళ్లీ వంపులు తిరుగుతూ కాగ్నా నది. దగ్గరికి పోయి చూస్తే వరుస వెనక వరుస. నేను పొంగిపోయాను. ఇంత జరిగాక కూడా అది నిజం, దాచను.

నిరోషా మైకు పట్టుకొని, పక్షవాతం వచ్చిన చేత్తోనే ఈ పెద్దమ్మ ఇదంతా కుట్టిందని చెప్పింది. చప్పట్లు కొట్టారు. జనం చుట్టూ మూగారు. ఎవరో కాలేజీ పిల్ల, "జర కుట్టి చూపిస్తవా అమ్మమ్మా, వీడియో తీసుకుంట" అంది.

"అలిసిపోయింది, వద్దు" అన్నాను నేను.

"ఏం అలిసిపోలే. సూది ఇయ్యి బిడ్డా" అంది అత్త.

కుర్చీ వేశారు. ఒడిలో గుడ్డ మడతలు పరిచారు. ఆమె ఎడమచేత్తో కుడిచేతిని తెచ్చి గుడ్డ మీద పెట్టుకొని, పెదాలు బిగించి కుట్టడం మొదలుపెట్టింది. నాలుగు కుట్లు, ఐదు కుట్లు. వంకర. పొడుగూ పొట్టీ. చుట్టూ ఉన్నవాళ్లు గోడ మీది బొంతను చూసి, ఒడిలో గుడ్డను చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిరోషా నా వంక చూసింది.

అత్త కుట్టిన దాన్ని వేళ్లతో తడిమి, ఏమాత్రం సిగ్గుపడకుండా తలెత్తింది. "గిప్పుడు వంకరగున్నది. రేపటికి సక్కగైతది" అంది.

"ఎట్లయితది అమ్మమ్మా?" అంది ఫోన్ పట్టుకున్న పిల్ల.

"దేవుడు చేస్తడు. రోజు చేస్తున్నడు గద."

కొందరు ముసిముసిగా నవ్వారు. పక్క స్టాలులో పూడూరు నుంచి పచ్చళ్లు తెచ్చిన ఆడమనిషి ఒకామె, మంచి మాటకారి, నడుం మీద చెయ్యి పెట్టుకొని అంది: "పెద్దమ్మా, మీ ఇంట్ల దేవుడు కోడలు చీర గట్టుకొని తిరుగుతుండేమో, జర చూస్కో!"

హాలంతా నవ్వింది. ఆమె మంచికే అంది, ఎగతాళికి కాదు. మా అత్త కూడా నవ్వబోయి నా వైపు తిరిగింది. మసక కళ్లే అయినా, రెండడుగుల దూరంలో ఉన్న మనిషి తల ఎత్తి ఉందా దించి ఉందా తెలియదా? నేను నేల చూస్తున్నాను. ఆమెకు జవాబు దొరికింది.

తరవాత ఆమె గొంతు వినిపించింది. "అద్దాలు మర్చొచ్చిన బిడ్డా. కనపడ్తలేదు, అందుకే గిట్లొచ్చింది" అంటోంది ఆ పిల్లతో. పుట్టి బుద్ధెరిగి అద్దాలు పెట్టుకోని మనిషి. నన్ను నలుగురిలో పట్టివ్వకుండా ఆ మాట అని, సూదిని గుడ్డకు గుచ్చి, లేచి నిలబడింది.

సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ధారూర్ దాటాక అడిగింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను బతికిపోయేదాన్ని, మాటకు మాట ఇచ్చేదాన్ని.

"ఎప్పటిసంది?"

"మొదటి దినంసంది."

"అన్ని వరుసలా?"

"అన్నీ."

"ఒక్కటన్న ఉంచినవా, నాది?"

ఎంత ఆలోచించినా ఒక్కటి కూడా లేదు. అంత పెద్ద బొంతలో, వెనకవైపు, మూలన, పట్టీ కింద, ఎక్కడా ఒక్క కుట్టు ఆమెది లేదు. "లేదత్తమ్మా" అన్నాను.

"ఎందుకే?"

ఎన్ని చెప్పొచ్చు ఆ ప్రశ్నకు. నీ ముఖం చిన్నబోతే చూడలేక అని, ప్రదర్శన ఉందని. నా నోట్లోంచి వచ్చింది వేరే. "వంకరగున్నయి" అన్నాను.

"వంకరుంటయి. చెయ్యే వంకరున్నది గద" అంది. కిటికీ వైపు తిరిగింది. కందిచేలు కాయ పట్టి ఉన్నాయి. మళ్లీ అంది: "కుట్లు ఊడదీస్తె ఊడదీసినవ్ తీ. సంఘం ముందర నిలబడి ఆయన పేరు మీద చెప్పిన గద బిడ్డా. నువ్వు నా పక్కనే కూసున్నవ్. ఒక్క మాట చెప్పకపోతివి."

ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. తీసేయలేదు. పట్టుకోనూ లేదు.

ఆ ఆదివారం ఆమె నాకంటే ముందే తయారై కూర్చుంది. సాక్ష్యాల సమయంలో నా భుజం పట్టుకోకుండా, ముందున్న కుర్చీ పట్టుకొని, తంటాలు పడి లేచింది. నా పేరు చెప్తుందనుకున్నాను. చెప్పనీ, తగిన శాస్తి, అనుకున్నాను. చెప్పకూడదని కూడా లోపల మొక్కుకున్నాను.

"పోయిన నెల నేను చెప్పింది తప్పు సాక్ష్యం" అంది. "నా చెయ్యి బాగ కాలే. కుట్లు సక్కగ కాలే. నేనే ఆశపడి గట్ల చెప్పిన. దేవుడు క్షమించాలె, మీరు గూడ క్షమించుండ్రి."

అంతే. నా పేరు లేదు, ఇస్త్రీ లేదు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పాస్టర్ గారు కాసేపు తడబడి, పర్వాలేదు కూర్చో అమ్మా అన్నారు. లోపల గుసగుసలు. నేను లేవాలి. లేచి, ఆమెది తప్పు కాదు, నాది అని ఒక్క ముక్క చెప్పాలి. మోకాళ్ల మీదికి కూడా వచ్చాను. అప్పుడు పక్కన కూర్చున్న బుగ్గమ్మ, మా వీధామె, నా చెవి దగ్గరికి వంగింది.

"ఏమైందే మీ అత్తకు? మతి గిట్ల తప్పిందా?"

నేను అన్నాను: "పక్షవాతం కొట్టినకాడికెల్లి గట్లనే మాట్లాడుతున్నది."

ఎట్లా వచ్చిందో ఆ మాట. ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలేదు. బుగ్గమ్మ అయ్యో అని నాలుక చప్పరించి, అవతలి ఆమెకు చెప్పింది. ఆ అవతలి ఆమె ఇంకొకరికి. ఆ మాట ఒక్కో తలా తిరుగుతూ ముందు వరసకు పోవడం నేను కళ్లారా చూశాను. మా అత్త ఇంకా కూర్చోలేదు, కుర్చీ పట్టుకొని నిలబడే ఉంది. ఆమె కళ్లు మసక గానీ చెవులు కాదు.

ఇది జరిగి దాదాపు ఏడాది. ఆమె సూది మళ్లీ పట్టలేదు. బంతీ పట్టలేదు. మనీషా వచ్చి బతిమిలాడింది, తిట్టింది, ఆరు నెలలు దాటిపోయాయని నా మీద అరిచింది. వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి, గోళ్లు తీయాలంటే ఒక్కో వేలూ విప్పి పట్టుకోవాలి. నాతో మామూలుగానే మాట్లాడుతుంది, అన్నం పెడితే తింటుంది. ఏదైనా అంటే తిరిగి మాట అనదు. తాండూరు రాణి కాగ్నా బొంతకు పేరొచ్చింది, నిరోషా ఇంకా రెండు అడిగింది. చేయలేదు. గుండిగలు బోర్లించి పెట్టాను.

సంఘంలో అందరూ ఆమెను జాగ్రత్తగా చూసుకుంటారు. చిన్నపిల్లతో మాట్లాడినట్టు గట్టిగా, నిదానంగా, "బాగున్నవా అమ్మా, అన్నం తిన్నవా" అని అడుగుతారు. ఆమె తల ఊపుతుంది. ప్రార్థన చేయమని ఇప్పుడెవరూ ఆమెను పిలవరు. ఆరాధన చివర పాస్టర్ గారు, "ఇంకెవరైనా చెప్పేవారున్నారా?" అని అడిగి, ఆగి, అందరి వైపూ చూస్తారు. అత్త నా పక్కనే ఉంటుంది, ముడుచుకున్న చెయ్యి ఒడిలో పెట్టుకొని. నా వైపు తిరగదు. ఎదురు చూస్తున్నట్టు కూడా కనపడదు. నేను కొంగు సర్దుకుంటాను. పాస్టర్ గారు కాసేపు చూసి ముగింపు ప్రార్థన మొదలుపెడతారు.